ఎండాకాలంలో రెండు రోజుల హైదరాబాద్: నల్లగొండ, పాలమూరు నుంచి వెళ్లేవాళ్లు ఎలా ప్లాన్ చేసుకోవాలి

బడులకు సెలవులు ఇచ్చారంటే చాలు, తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే. "అన్నా, పిల్లలకు హైదరాబాద్ చూపియ్యాలె. రెండు రోజుల్లో ఏమేం అయితయ్?" చార్మినార్, గోల్కొండ, జూ, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, రామోజీ ఫిలిం సిటీ అని వేళ్ల మీద లెక్కపెట్టి, అన్నీ అయిపోతాయి కదా అని మళ్లీ వాళ్లే అంటారు. అన్నీ కావు. రోజుకు మూడు చోట్లు అవుతాయి, అదీ పొద్దున్నే కదిలితే. మే నెల ఎండలో నాలుగోది పెట్టుకుంటే పిల్లలు దాన్ని ఆటోలో నిద్రపోతూ చూస్తారు.

ఇది నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ నుంచీ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి నుంచీ వెళ్లేవాళ్ల కోసం. వరంగల్, కరీంనగర్ వాళ్లు ఊళ్లోకి వచ్చే దారులు వేరు, వాళ్లకు ఈ లెక్క సరిపోదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు, ఒరిజినల్. లాడ్జిలో అడుగుతారు, బస్సులో ఆడవాళ్లను కూడా అడుగుతారు.
- మనిషికో నీళ్ల సీసా. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ నాలుగైదు.
- టోపీలు, తువ్వాలలు, ఒక గొడుగు. నూలు బట్టలు.
- తేలిగ్గా విప్పి తొడుక్కునే చెప్పులు. లేసుల బూట్లు వేసుకొస్తే ప్రతి గుడి దగ్గరా పది నిమిషాలు పోతాయి.
- మనిషికో జత పాత సాక్సులు. మధ్యాహ్నం బండల మీద ఒట్టి కాళ్లతో నడవాల్సి వస్తే వీటి విలువ తెలుస్తుంది.
- పది, ఇరవై నోట్లు. పవర్ బ్యాంక్.
- మొదటి పూటకు తిండి ఇంటి నుంచే. సర్వపిండి, పులిహోర, పల్లిపట్టీలు బాగుంటాయి. పెరుగన్నం వద్దు, బస్సు వేడికి మధ్యాహ్నంలోపే పులిసిపోతుంది.
- ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోన్లో రాసుకుంటే ఒక్కరికే తెలుస్తుంది, కాగితం మీద ఉంటే ఇంటిల్లిపాదీ చూస్తారు, తప్పు ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

1. ముందు సెలవు రోజులు చూడండి, తర్వాతే తేదీలు

చాలామంది బస్సు టికెట్టుతో మొదలుపెడతారు. అక్కడే ప్లాన్ సగం చెడుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే. నెహ్రూ జూపార్కుకు సోమవారం సెలవు. ముచ్చింతల్ సమతామూర్తి దగ్గరికి వెళ్లాలనుకుంటే బుధవారం పెట్టుకోకండి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు ఉంటుంది కాబట్టి చార్మినార్ చుట్టూ ఆ రెండు గంటలు ఆటో కదలదు.

ముచ్చింతల్ పక్కన పెట్టి మిగతావన్నీ కలిపి చూస్తే మంగళ, బుధ గానీ, బుధ, గురు గానీ అన్నిటికన్నా మంచివి. ఉద్యోగాల వల్ల శని, ఆదివారాలే కుదిరితే జూను శనివారం పొద్దున్నే ముగించండి. ఆదివారం అక్కడ జంతువుల కన్నా జనమే ఎక్కువ కనబడతారు. బక్రీద్, రంజాన్ పండుగల తర్వాతి రోజుల్లో కూడా పాతబస్తీ, జూ కిటకిటలాడతాయి.

ఇంకో తేదీ గుర్తుంచుకోండి. మృగశిర కార్తె, అంటే జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు పంపిణీ ఉంటుంది. దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. దాని కోసమే వెళ్తే సరే, లేదంటే ఆ రోజుల్లో నాంపల్లి వైపు గది వెతక్కండి. అన్నట్టు, అదే గ్రౌండ్స్‌లో జరిగే నుమాయిష్ జనవరి 1న మొదలై ఫిబ్రవరిలో ముగుస్తుంది. ఎండాకాలంలో ఉండదు. ఇది కూడా ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

సరిచూసుకోండి: కాగితం మీద మీరు వెళ్లే రెండు రోజుల వారాల పేర్లు రాసి, ఎదురుగా ఆ రోజు మూసి ఉండేవి రాయండి. మీ లిస్టులోది ఒక్కటి తగిలినా తేదీ జరపండి లేదా ఆ చోటును రెండో రోజుకు మార్చండి.

2. మీ బస్సు ఊళ్లోకి ఎటునుంచి వస్తుందో, మొదటి చోటు అటువైపే

ఈ ఒక్క అంచె సరిగ్గా చేస్తే మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి. అందరూ ఎంజీబీఎస్, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి వెతకడం మొదలుపెడతారు. బస్సు దాటుకుంటూ వచ్చిన దారికే మళ్లీ ఆటో కట్టించుకొని వెనక్కి పోతారు.

నల్లగొండ, సూర్యాపేట బస్సులు చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా ఎల్బీనగర్‌లోకి వస్తాయి. దేవరకొండ వైపువి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పట్టుకొని అదే ఎల్బీనగర్ దగ్గరికి చేరతాయి. ఇక్కడ దిగిపోండి. మియాపూర్ మెట్రో మొదలయ్యేది ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట ట్రాఫిక్‌లో బస్సు ఈదుతున్నంతసేపట్లో మీరు ఏసీలో కూర్చొని ఎంజీబీఎస్, నాంపల్లి, లక్డీకాపూల్ దేనికైనా రైలు మారకుండా వెళ్లిపోవచ్చు. అందుకని నల్లగొండ వాళ్లకు మొదటి రోజు సాలార్‌జంగ్, చార్మినార్ బాగా కుదురుతాయి.

మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల బస్సులు షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్ చౌరస్తాకు వస్తాయి. అక్కడికి జూపార్కు దగ్గర. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూ వరకు ఫ్లైఓవర్ తెరిచాక ఆటోలో తొందరగా పోవచ్చు. కాబట్టి పాలమూరు వాళ్లు మొదటి చోటుగా జూనే పెట్టుకోవాలి. గోల్కొండ అనుకుంటే ఆరాంఘర్ నుంచి మెహిదీపట్నం వెళ్లి అక్కడ బస్సు మారండి.

కల్వకుర్తి, ఆమనగల్ వైపు నుంచి శ్రీశైలం రోడ్డులో వచ్చేవాళ్లకు చాంద్రాయణగుట్ట తగులుతుంది. అక్కడి నుంచి చార్మినార్‌కు సిటీ బస్సులు ఉంటాయి.

రైలు కావాలంటే నల్లగొండ రైళ్లు ఎక్కువగా సికింద్రాబాద్ పోతాయి, మహబూబ్‌నగర్ రైళ్లు ఎక్కువగా కాచిగూడకు. పిల్లలకు రైలు సరదా వేరే ఉంటుంది, కాదనను. కానీ దిగే చోటు మారితే మొదటి చోటు కూడా మారుతుందని మరచిపోవద్దు. సికింద్రాబాద్‌లో దిగి జూకు బయలుదేరితే ఊరంతా అడ్డంగా దాటాలి.

సామాను సంగతి: మొదటి చోటుకు పెట్టెలతో పోకండి. ఒక్కొక్కరికి భుజానికి తగిలించుకునే సంచి ఒకటి చాలు. రెండు జతల బట్టలకు ట్రాలీ ఎందుకు?

3. పగటిని మూడు ముక్కలు చేయండి

కాగితం మీద ప్రతి రోజుకూ మూడు గళ్లు గీయండి.

పొద్దున 8 నుంచి 11 దాకా: నడవాల్సినవి, ఎక్కాల్సినవి. జూ, గోల్కొండ.

11 నుంచి 4 దాకా: నెత్తి మీద కప్పు ఉండాలి. సాలార్‌జంగ్, బిర్లా సైన్స్ మ్యూజియం, ప్లానిటోరియం, లేదా లాడ్జిలో నిద్ర. నిద్ర అంటే డబ్బు దండగ అనుకోకండి. గంటన్నర పడుకున్న పిల్లలు రాత్రి తొమ్మిది దాకా హుషారుగా ఉంటారు.

4 తర్వాత: చార్మినార్, బిర్లా మందిర్, హుస్సేన్‌సాగర్.

గోల్కొండను మధ్యాహ్నం గడిలో పెట్టినవాళ్ల ప్లాన్ చూస్తే నాకు టెన్షన్. పైన బాలాహిస్సార్ దాకా 360 దాకా మెట్లున్నాయి, మధ్యలో నీడ అంతంత మాత్రం, రాయి వేడెక్కి కిందనుంచి కూడా సెగ కొడుతుంది.

4. ఎంచుకోవడానికి రెండు ప్లాన్లు

నల్లగొండ వైపు వాళ్లకు

మొదటి రోజు. తెల్లవారి బస్సుకు బయలుదేరి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో ఎంజీబీఎస్. గదిలో సంచులు పడేసి పదిన్నరకల్లా సాలార్‌జంగ్. ఈ మ్యూజియం మొత్తం ఒక్క రోజులో చూడలేరు, ప్రయత్నించకండి కూడా. పిల్లలతో అయితే మూడే మూడు గట్టిగా చూడండి. ఒకటి, ముసుగు రెబెకా: 1876లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, రాతి ముసుగులోంచి మొహం కనబడుతుంది. రెండు, ఒకే చెక్క దుంగకు ముందు మగమనిషి, వెనక ఆడమనిషి ఉన్న జంట బొమ్మ. వెనకాల అద్దం పెట్టారు, అందులో చూడాలి. మూడు, గడియారం.

గడియారం దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అందరూ తప్పు టైముకి పోయి నిరాశపడేది ఇక్కడే. గంట గంటకూ గడ్డం ఉన్న చిన్న బొమ్మ ఒకటి తలుపు తీసుకొని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. పక్కన ఇంకో బొమ్మ కమ్మరిలా సుత్తితో సెకండ్లు కొడుతూనే ఉంటుంది. ఒంటిగంటకు పోతే ఒక్క దెబ్బతో అయిపోతుంది. పన్నెండు గంటలకు పోతే పన్నెండు దెబ్బలు. 11:40కే వెళ్లి ముందు వరసలో చోటు పట్టుకోండి. ఐదు నిమిషాల ముందు వస్తే ముందున్నవాళ్ల తలకాయలే కనబడతాయి, పొట్టి పిల్లలకు అసలేం కనబడదు.

మధ్యాహ్నం భోజనం, గదిలో నిద్ర. నాలుగున్నరకు చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన సంగతి పిల్లలకు పుస్తకంలోనే ఉంటుంది, మీరు చెప్పక్కర్లేదు. ఎక్కడం మొదటి అంతస్తు వరకే. లోపలి మెట్లు ఇరుగ్గా, చుట్లు తిరుగుతూ ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కింద కూర్చోబెట్టి చాయ్ ఇప్పించడమే మంచిది. తర్వాత లాడ్ బజార్. లక్క గాజులకు మొదటి దుకాణంలోనే కొనకండి. మూడు చోట్ల ధర అడిగి, మూడో చోట బేరం మొదలుపెట్టండి. గాజుల సైజు తెలియక తేవడం మామూలు పొరపాటు. ఇంట్లో ఉన్నవాళ్ల కోసం కొంటుంటే వాళ్ల పాత గాజు ఒకటి సంచిలో వేసుకెళ్లండి.

రెండో రోజు. ఎనిమిదిన్నరకు జూ గేటు దగ్గర. లోపల బ్యాటరీ బండి ఉంటుంది, ముసలివాళ్లుంటే దాని డబ్బులకు వెనకాడకండి, పార్కు 380 ఎకరాలు. పులులు, సింహాలను ముందు చూసేయండి. ఎండ ముదిరాక అవి నీడలోకి పోయి పడుకుంటాయి, మీరెంత పిలిచినా లేవవు. పదకొండున్నరకు బయటపడి, మధ్యాహ్నం బిర్లా సైన్స్ మ్యూజియం, ప్లానిటోరియం. షోలు తెలుగులో కూడా ఉంటాయి, టికెట్టు తీసేటప్పుడే ఏ భాష షో అని అడగండి. మ్యూజియంలో మన యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. పిల్లలు సినిమాల్లో చూసేవన్నీ విదేశాలవే అనుకుంటారు కదా, ఇది చూపించండి.

అక్కడే నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్, మ్యూజియం, గుడి కలిపి ఒక్క చోటు కిందే లెక్క. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గుడి మూసి ఉంటుంది. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, కౌంటర్లో పెట్టాలి. ఐదు గంటలకు పైన ఉంటే హుస్సేన్‌సాగర్ మీద పొద్దు వాలడం చూడొచ్చు. దిగాక లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి: 58 అడుగుల ఆ విగ్రహం చెక్కిన రాయి మన పాత నల్లగొండ జిల్లా రాయగిరిది, భువనగిరి పక్కన. 1990 మార్చిలో దాన్ని తీసుకుపోతుంటే తెప్ప ఒరిగి విగ్రహం చెరువులో పడింది, మనుషులు చనిపోయారు. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉండి, పైకి తీశాక 1992 డిసెంబర్‌లో నిలబెట్టారు. పడవలో కూర్చొని ఈ కథ వింటే పిల్లలు విగ్రహాన్ని వేరేగా చూస్తారు.

సాయంత్రం గాలిదుమారం లేస్తే పడవలు ఆపేస్తారు. మే నెలలో ఇది మామూలే. అప్పుడు పక్కనే సచివాలయం, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉన్న వైపు నడవండి, లేదా మందిరంలోనే ఇంకాసేపు కూర్చోండి. పడవ టికెట్టు ముందే కొని పెట్టుకోకపోవడం మేలు.

పాలమూరు వైపు వాళ్లకు

మొదటి రోజు ఆరాంఘర్‌లో దిగి జూ, మధ్యాహ్నం సాలార్‌జంగ్ లేదా చౌమహల్లా, సాయంత్రం చార్మినార్. మూడూ ఒకే దారిలో వస్తాయి. పన్నెండు గంటల గడియారం అందదు. మూడు గంటలది చూడండి, జనం కూడా తక్కువుంటారు. గది ఎంజీబీఎస్, కాచిగూడ చుట్టుపక్కల తీసుకోండి.

రెండో రోజు గోల్కొండ, తెరిచే వేళకే గేటు దగ్గరుండాలి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన బాలాహిస్సార్‌లో వినబడుతుందా అని చూసే ఆట అందరికీ తెలుసు. ఇద్దరిని పైకి పంపి, ఫోన్లో మాట్లాడుకుంటూ ఆడితే పిల్లలు మెట్లెక్కిన అలుపు మరచిపోతారు. రామదాసు చెరసాల చూడకుండా దిగకండి, భద్రాచలం పోయొచ్చిన పెద్దవాళ్లకు కోటలో అన్నిటికన్నా అదే ముఖ్యం. పదకొండుకల్లా కిందికి రావాలి. మధ్యాహ్నం బిర్లా మ్యూజియం, సాయంత్రం హుస్సేన్‌సాగర్.

పొద్దున లేవలేని ఇల్లయితే తిప్పి పెట్టుకోండి: గోల్కొండ సాయంత్రం నాలుగింటికి, ఆ తర్వాత సౌండ్ అండ్ లైట్ షో. ఏ రోజు ఏ భాషలో ఉందో ముందు కనుక్కోండి. లేకపోతే అమ్మమ్మను ఇంగ్లిష్ షోకు కూర్చోబెట్టినట్టవుతుంది.

రామోజీ సంగతి

దీన్ని రెండు రోజుల ప్లాన్‌లో ఇరికించకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది, మనిషికి టికెట్టే వెయ్యికి పైన. నల్లగొండ వాళ్లకు అది ఊళ్లోకి రాకముందే, విజయవాడ హైవే మీద హయత్‌నగర్‌కు ఇవతలే తగులుతుంది. దానికోసం రాత్రి హైదరాబాద్‌లో గది ఎందుకు? ఇంకో రోజు పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. పాలమూరు వాళ్లకు ముచ్చింతల్ సమతామూర్తి కూడా అంతే, శంషాబాద్ దగ్గరే. 216 అడుగుల విగ్రహం, చుట్టూ 108 దివ్యదేశాలు. ఎండ తగ్గాక పోండి, సాక్సులు గుర్తున్నాయి కదా.

5. గది

బుక్ చేసే ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. చెకౌట్ పన్నెండు గంటలకా, లేక దిగిన టైము నుంచి 24 గంటలా? ఏసీ పనిచేస్తోందా, మంచం అదనంగా వేస్తే ఎంత? నీళ్లు రోజంతా వస్తాయా? లిఫ్ట్ ఉందా? మొదటి ప్రశ్న ముఖ్యం. పొద్దున తొమ్మిదికి దిగి, పన్నెండు గంటల చెకౌట్ ఉన్న చోట గది తీసుకుంటే మూడు గంటలకే ఒక రోజు అద్దె అయిపోవచ్చు. 24 గంటల పద్ధతి ఉన్నచోటే చూడండి.

ఫొటోలు చూసి నమ్మకండి. వెళ్లాక డబ్బులు కట్టేముందు గదిలోకి పోయి ఏసీ ఆన్ చేసి, బాత్రూంలో కుళాయి తిప్పి చూడండి.

చుట్టాలింట్లో ఉంటామంటే మంచిదే, ఖర్చు తగ్గుతుంది. మనవాళ్లు ఎల్బీనగర్, వనస్థలిపురం, దిల్‌సుఖ్‌నగర్ వైపు చాలామందే ఉంటారు. కానీ "రాత్రి పడుకోడానికే వస్తాం వదినా, వంటలు పెట్టుకోకండి" అని ముందే చెప్పండి. లేకపోతే పొద్దున టిఫిన్ కోసం కూర్చోబెడతారు, పది దాటుతుంది, చల్లటి పూట పోతుంది. ఆమె మీ కోసం వండుతుంది, మీరేమో గడియారం చూస్తుంటారు, ఇద్దరికీ ఇబ్బంది.

6. ఊళ్లో తిరగడం

మెట్రో మూడు లైన్లు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్. మొదటి రెండూ అమీర్‌పేటలో కలుస్తాయి. పొద్దున తొమ్మిది, సాయంత్రం ఆరు ప్రాంతంలో అమీర్‌పేటలో పిల్లలతో రైలు మారడం వద్దు. పై ప్లాన్లలో ఎక్కడా ఆ అవసరం రాలేదు చూడండి. చార్మినార్‌కు మెట్రో లేదు, ఎంజీబీఎస్‌లో దిగి ఆటో లేదా సిటీ బస్సు. టోకెన్ తీసుకుంటే బయటికి వచ్చేదాకా జాగ్రత్త, పిల్లల చేతికివ్వకండి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. డీలక్స్, సూపర్ లగ్జరీల్లో కాదు. ఆధార్‌లో తెలంగాణ అడ్రస్ ఉండాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. ఉచితమే అయినా జీరో టికెట్టు తీసుకోవాలి, చెకింగ్ వస్తే అదే అడుగుతారు. మగవాళ్లు సిటీలో రోజంతా తిరిగేదుంటే కండక్టర్‌ను 24 గంటల టికెట్ అడగండి.

మ్యాప్‌లో కిలోమీటర్లు చూడకండి, నిమిషాలు చూడండి. అది కూడా మీరు బయలుదేరబోయే టైము పెట్టి చూడండి. రాత్రి పదింటికి ఇంట్లో కూర్చొని చూస్తే పదిహేను నిమిషాలన్న దారి సాయంత్రం ఆరింటికి ముప్పావుగంట అవుతుంది.

కారులో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఆదివారం సాయంత్రం పంతంగి టోల్ దగ్గరా, రాయికల్ టోల్ దగ్గరా బారులు తీరతాయి. పాతబస్తీలోకి కారు తీసుకుపోకండి, గది దగ్గరే వదిలేయండి.

7. ఖర్చు లెక్క

గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖవి. టికెట్టు పెద్దలకు పాతిక రూపాయలు, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. డబ్బు పోయేది టికెట్ల మీద కాదు, ఆటోలు, చల్లటి డ్రింకుల మీద. కాగితం వెనక గది, తిండి, ఆటోలు, టికెట్లు, కొనేవి అని ఐదు గీతలు గీసి అంకెలు వేయండి. ఆటోల గీతకు మీరు వేసిన అంకె రెట్టింపు చేయండి, అప్పుడు నిజానికి దగ్గరగా వస్తుంది.

8. ఎండ, పిల్లలు

దాహం వేసేదాకా ఆగొద్దు. ప్రతి చోటు మారినప్పుడల్లా అందరూ నాలుగు గుక్కలు తాగాలని రూలు పెట్టండి. పిల్లలు మధ్యాహ్నం రెండు దాటినా మూత్రానికి పోలేదన్నా, పోసింది ముదురు పసుపుగా ఉందన్నా నీళ్లు సరిపోలేదన్నమాట. ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగించి, సాయంత్రం చోటు ఒకటి తగ్గించుకోండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మత్తుగా ఉంటే అది వడదెబ్బ. నీడలోకి తీసుకుపోయి తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి. మత్తులో ఉన్న మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, బండి మీది ఐసు గోళాలు మానండి. దారిలో చౌటుప్పల్ దగ్గర ముంజలు కనబడితే మాత్రం మీ ఎదుటే కొట్టించుకొని తినండి.

తప్పిపోతారన్న భయానికి: ప్రతి పొద్దునా బయలుదేరే ముందు పిల్లల ఫొటో ఒకటి తీయండి, ఆ రోజు వేసుకున్న బట్టలతో. జేబులో మీ నంబరు రాసిన చీటీ పెట్టండి. ఎక్కడికి పోయినా మొదట చేసే పని, "మనం విడిపోతే ఇక్కడికి రావాలి" అని టికెట్ కౌంటర్ చూపించడం. ఫోన్ ఉన్నవాళ్లకూ ఇది అవసరమే. చార్మినార్ దగ్గర గోలలో రింగు వినబడదు.

9. ప్లాన్‌ను ఒకసారి పరీక్షించండి

బయలుదేరే ముందు రోజు రాత్రి కాగితం తీసి ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకూ, అందరికన్నా చిన్నవాళ్లకూ చదివి వినిపించండి. చదువుతూ ఇవి చూడండి:

- ఏ రోజైనా నాలుగు చోట్లు ఉన్నాయా? ఒకటి కొట్టేయండి.
- పదకొండు, నాలుగు మధ్య గడిలో కప్పు లేని చోటు ఉందా?
- ఒకే రోజులో మూసీని రెండుసార్లకు మించి దాటుతున్నారా? అంటే చోట్ల వరస తప్పింది, అటువైపువన్నీ ఒక పూటలోకి చేర్చండి.
- ఒక్కో చోటు మధ్య కనీసం ముప్పావుగంట వదిలారా?
- "ఇది కుదరకపోతే అది" అని ప్రతి సాయంత్రానికీ ఒకటి రాశారా?

పెద్దావిడ "అబ్బో, ఇన్ని మెట్లా" అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఆమె కోసం ఆ పూట వేరే ఏర్పాటు ఉండాలి.

10. తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు ఎల్బీనగర్‌లోనో ఆరాంఘర్‌లోనో దిగమన్నాను. పోయేటప్పుడు అక్కడ ఎక్కకండి. బస్సు ఎంజీబీఎస్‌లోనే నిండి వస్తుంది, ముఖ్యంగా శని, ఆదివారాలు, పెళ్లి ముహూర్తాల రోజులు. నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకొని వంద కిలోమీటర్లు నిలబడాల్సి వస్తుంది. మెట్రోలో ఎంజీబీఎస్‌కే పోయి, బస్సు మొదలయ్యే చోట కూర్చోండి. రిజర్వేషన్ ఉన్న బస్సయితే పొద్దున్నే ఫోన్లో సీట్లు చేసుకోండి.

గది రెండో రోజు పొద్దున్నే ఖాళీ చేసి, సంచులు లాడ్జి కౌంటర్లో పెట్టి వెళ్లండి. చాలామంది ఒప్పుకుంటారు, ముందు అడగాలంతే. కానీ ఆ లాడ్జి ఎంజీబీఎస్ దగ్గర లేకపోతే సంచుల కోసం మళ్లీ ఊరు తిరగాల్సి వస్తుంది, గది ఎక్కడ తీసుకోవాలో తేల్చుకునేటప్పుడే ఇది లెక్కలోకి తీసుకోండి. ఆఖరి బస్సుకు కాకుండా దానికి ముందు రెండో బస్సుకు టైము పెట్టుకోండి. దిగాక మీ ఊరికి ఆటో దొరకాలి కదా, పల్లెలకు పోయేవాళ్లు ఆ ఆటో అతనికి చౌటుప్పల్ దగ్గరో షాద్‌నగర్ దగ్గరో ఉన్నప్పుడే ఫోన్ చేసి చెప్పండి.